బోర్డు పైసగం

నా చొక్కాల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా కాలరు దగ్గరో మోచేతి దగ్గరో చిరిగి మూలకు చేరలేదు. అన్నీ చంకల దగ్గరే చచ్చాయి. తెల్లదైతే ఆరు నెలలకు అక్కడ పసుప్పచ్చగా మారి, గంజి పెట్టినట్టు గట్టిపడుతుంది. నీలిదో నల్లదో అయితే తెల్లటి ఉప్పు గీత, దాని చుట్టూ ఇంకో గీత, నిన్నటిదీ మొన్నటిదీ కలిపి కనిపిస్తాయి. మా ఇంటి దండెం మీద నా చొక్కా ఏదో వెతుక్కోవాల్సిన పని ఎవరికీ ఉండదు.

చెమట అందరికీ పడుతుంది, కాదనను. మే నెలలో భద్రాచలం కరకట్ట మీద నిలబడితే రాయికి కూడా పడుతుంది. నాకు డిసెంబరులోనూ పడుతుంది. చలిమంట ముందు వణుకుతూ కూర్చున్నా పడుతుంది. ఎవరైనా నా వైపు చూస్తే పడుతుంది, చూస్తున్నారేమోనని అనుమానం వస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. ఇదేం పాడు ఒళ్లురా నాయనా అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

మా ఆవిడ మంచిదే గానీ నోరు ఊరుకోదు. నిమ్మచెక్క రుద్దుతుంది, వంటసోడా పట్టిస్తుంది, తిరగేసి ఎండలో ఆరేస్తుంది. అంతా చేసి, "ఏమండీ, ఇది చొక్కానా, పులిహోర మూట కట్టిన గుడ్డనా?" అంటుంది. మాది సత్తుపల్లి వైపు, ఆమెది మధిర వైపు. వాళ్లింట్లో వేళాకోళం లేకుండా అన్నం ముద్ద దిగదు. పెళ్లైన కొత్తలో మాత్రం ఆ మాటకు నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఒకసారి ఇంట్లో చెప్పకుండా ఖమ్మంలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాను. ఏమని చెప్పాలో మనసులో పదిసార్లు వల్లించుకున్నాను. తీరా నా వంతు వచ్చాక లోపలికి పోయి, "తల దురద సార్" అన్నాను. ఆయన తలకు రాసుకునే మందేదో రాసిచ్చాడు. దాన్ని ఇంటికి తెచ్చుకుని, లేని దురదకు నెల రోజులు బుద్ధిగా వాడాను. వెధవని కాకపోతే మరేమిటి?

బస్సుల సంగతి ఇంకో బాధ. సీటు దొరక్కపోతే అందరూ పైనున్న కడ్డీ పట్టుకుంటారు. నేను చెయ్యి లేపను. సీటు వెనక భాగం పట్టుకుని, సగం వంగి నిలబడతాను. ఒకసారి టేకులపల్లి దాటాక డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే వెళ్లి ఒక ముసలావిడ ఒళ్లో టమాటా గంప మీద పడ్డాను. ఆమె నన్ను లేపి, గంప చూసుకుని, "పైన రాడు గంత పొడుగున్నది. పట్టుకోనీకి చేతులు ఇరిగినయా బిడ్డా?" అని అడిగింది. బస్సంతా నవ్వింది. "అవ్ అవ్వా, చెయ్యి నొప్పి. పైకి లేవది" అన్నాను. ఆవిడ వెంటనే చల్లబడి, జరిగి నాకింత చోటిచ్చింది. ఆ అబద్ధం ఎంత హాయిగా పనిచేస్తుందో ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత దాన్ని చాలాసార్లు వాడాను.

నేను పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. నిరుడు బడులు తెరిచినప్పుడు చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక ఆశ్రమ పాఠశాలకు నన్ను బదిలీ చేశారు. చుట్టుపక్కల గూడేల పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. భార్యాపిల్లలు భద్రాచలంలో కిరాయి ఇంట్లో, నేను వారమంతా చర్లలో ఒక గదిలో. సోమవారం తెల్లవారుతూనే బండి మీద బయలుదేరేవాణ్ని.

ఆ దారిలో పోలీసు క్యాంపు ఉంది. కొన్ని రోజుల్లో బండి ఆపి ఒళ్లు తడిమి చూస్తారు. అందరూ అక్కడి తుపాకీని చూసి భయపడతారు. నేను "హాథ్ ఊపర్" అన్న మాటకు భయపడతాను. మొదటి సోమవారమే ఆపారు. చెయ్యి లేపాను. ఎక్కడి నుంచో వచ్చిన కుర్ర జవాను, పాపం, తన పని తాను చేసుకుంటూ నా చంకల కింద తడిమి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అరచెయ్యి చూసుకున్నాడు. ప్యాంటుకు తుడుచుకున్నాడు. "బీమార్ హై క్యా?" అన్నాడు. కాదని తల ఊపాను. అతను పొమ్మని సైగ చేశాడు. జబ్బు మనిషినని అనుకున్నాడో, తప్పు చేసి భయపడుతున్నానని అనుకున్నాడో తెలియదు. బడి చేరేదాకా ఆ ప్యాంటుకు తుడుచుకున్న చెయ్యే నా కళ్ల ముందు ఉంది.

ఆ మనసుతోనే నాలుగో తరగతిలో అడుగుపెట్టాను. నలభై మంది పిల్లలు. బెంచీలు లేవు, జంపఖానాల మీద వరసగా కూర్చుంటారు. రాత్రి పడుకునేదీ ఆ గదిలోనే కాబట్టి గోడల వెంట వాళ్ల రేకు పెట్టెలు ఉంటాయి. బోర్డు మాత్రం దివ్యమైనది. గోడకే సిమెంటుతో చేసి నల్లరంగు వేశారు, ఈ చివర నుంచి ఆ చివరి దాకా. పైన తేదీ రాద్దామని చెయ్యి లేపాను. వెనక నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది.

ఎందుకు నవ్వారో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది కోయ భాష, నాకు ఒక్క ముక్క రాదు. బల్లి పడిందేమో, ఎవడి నిక్కరైనా జారిందేమో. నా చంక తప్ప నవ్వదగ్గది ఈ లోకంలో ఇంకొకటి ఉంటుందని ఆ క్షణంలో నాకు తోచలేదు. చెయ్యి దించేశాను. మోచేతిని డొక్కకు ఆనించి, ఛాతీకి దిగువన రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి బోర్డు పైసగం ముట్టుకోలేదు.

పిల్లలు ఎంత గమనిస్తారో చూడండి. నెల తిరిగేసరికి, లెక్క చెయ్యమని ఎవర్ని పిలిచినా వచ్చి కిందసగంలోనే రాసేవాళ్లు. క్లాసులో అందరికంటే పొడుగు పిల్లవాడు కూడా నడుం వంచి, మోచెయ్యి డొక్కకు ఆనించి, ముక్కుతో బోర్డు తుడుస్తున్నట్టు నిలబడి కూడికలు చేసేవాడు. లెక్కలంటే అలాగే చెయ్యాలి కాబోలు అనుకున్నారు. తెలుగు సారు వచ్చినప్పుడు మాత్రం పైనుంచి రాసేవారట. ఒకరోజు హెడ్‌మాస్టరు తలుపు దగ్గర నిలబడి ఆ వంగుడంతా చూసి, "సార్, బోర్డు పైసగం ఎవరికన్న కిరాయికిచ్చిన్రా ఏంది?" అన్నాడు. "కిందైతే పిల్లలకు అందుతది గద సార్" అన్నాను. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. మంచి మనిషి, అంతకు మించి గుచ్చి అడగలేదు.

కొత్త చొక్కాలు కావలసి వచ్చి భద్రాచలంలో మా వీధి చివర దర్జీ దగ్గరికి వెళ్లాను. ముసలి సాయిబు. టేపు పట్టుకుని నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నేను చేతులు బిగించుకుని నిలబడ్డాను.

"సార్, గిట్ల ముడుసుకొని నిలబడితే కొలత ఎట్ల తీయాలె? నేను అంగీ కుడుతున్ననా, దిండుకు గలేబు కుడుతున్ననా?"

చచ్చినట్టు లేపాను. ఆయన టేపు పెట్టాడు, తీశాడు, పుస్తకంలో రాసుకున్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత మామూలుగా, "లోపల బనీను గుడ్డతోటి పట్టీలు పెడ్త. టిచ్ బటన్లు ఏస్త. పొద్దుగాల ఒకటి, పగటికి ఒకటి మార్చుకోండ్రి" అన్నాడు. నేను నేల చూపులు చూస్తుంటే, "నలబై ఏండ్లసంది మంది చంకలే చూస్తున్న సార్. ఇందుల షరమేమున్నది? చేతులు జర ఇడిసిపెట్టి ఉండుండ్రి. గట్ల బిగబట్టుకుంటే నీళ్లు కారక ఏం జేస్తయ్?" అన్నాడు. పట్టీలు బాగా పనిచేశాయి. ఆ రెండో మాట మాత్రం నేను అక్కడే వదిలేసి వచ్చాను.

ఆ పిల్ల దసరా సెలవుల తర్వాత వచ్చింది. రాష్ట్ర సరిహద్దు దగ్గర గూడెం వాళ్లది. తండ్రి నడిపించుకుని తెచ్చాడు. తొమ్మిదేళ్లుంటాయి గానీ ఏడేళ్ల పిల్లలా ఉండేది. అప్పటికే వరసలన్నీ నిండిపోయాయి. ఎవరి చోటు వాళ్లది, కదిలిస్తే కొట్లాట. చివర వరసలో గోడకూ రేకు పెట్టెలకూ మధ్య జానెడు చోటుంటే అక్కడ కూర్చోమన్నాను. దాని ముందు క్లాసులో పొడుగు పిల్లలంతా ఉన్నారు. అది నేను చూడలేదు. ఎందుకు చూస్తాను? పాఠం చెబుతున్నంత సేపూ నేను చూసుకునేది నా చొక్కానే.

వచ్చిన వారానికే నన్ను బజారున పెట్టినంత పని చేసింది. టిచ్ బటను సరిగా పడక పట్టీ ఒకటి చొక్కా చేతిలోంచి జారి కింద పడింది. నేను గమనించలేదు. ఈ పిల్ల వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "సార్, జేబు!" అంది. పాపం, జేబే అనుకుంది. క్లాసంతా చూస్తోంది. లాక్కుని ప్యాంటు జేబులో కుక్కుకున్నాను. "నీకెవరు లెమ్మన్నరు? పో, అక్కడ నిలబడు" అని అరిచాను. వెళ్లి తన చోట్లో నిలబడింది. ఆ పీరియడంతా నిలబడే ఉంది, నోట్సు చకచకా రాసుకుంటూ.

ఇంకోరోజు రాస్తూ వెనక్కి తిరిగేసరికి ఆ పిల్ల కూర్చున్నచోటి నుంచే చెయ్యి పైకెత్తి, వేలు నా వైపు చూపిస్తోంది. వేలు నా భుజం మీదుగా ఎక్కడికో పోతోంది. తెలుగు ఇంకా సరిగా రాదు కాబట్టి మాట లేదు, వేలు ఒక్కటే. ఏం చూపిస్తోందో నాకు తెలిసిపోయిందనుకున్నాను. ఒళ్లు భగ్గుమంది. "దించు చెయ్యి! సిగ్గు లేదా నీకు?" అన్నాను. దించేసింది. మళ్లీ ఎప్పుడూ చూపించలేదు.

అక్కడి నుంచి ఆ పిల్ల మొండికేసింది. అలా అని నేను అనుకున్నాను. ఇంటిపని చెయ్యదు. నా పీరియడు మొదలవగానే పలక కింద పడేస్తుంది, పక్కపిల్ల జడ లాగుతుంది. నేను నిలబడమంటే మారు మాట లేకుండా నిలబడుతుంది. ఏడవదు, తల వంచుకోదు. ముఖంలో ఏదో సంతోషం కూడా కనిపించేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక చూపు పడితే చచ్చిపోయే మనిషిని నేను, నలభై మంది ముందు రోజూ నిలబడి ఏమీ పట్టనట్టుండే ఈ పిల్లని చూస్తే కోపం రాదా? "సిగ్గులేని మనిషివే నువ్వు" అని ఎన్నిసార్లు అన్నానో. ఆ మాట అర్థమయ్యేంత తెలుగు అప్పటికి దానికి వచ్చేసింది.

జనవరి తర్వాత గురుకులం ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు పెట్టే పని వచ్చింది. నాలుగో తరగతి పిల్లలు ఆ పరీక్ష రాసి గెలిస్తే ఐదు నుంచి మంచి గురుకులంలో చేరతారు. అక్కడ ప్రతి సబ్జెక్టుకూ టీచరుంటాడు, ల్యాబు ఉంటుంది. ఆ అడవి నుంచి బయటపడే దారి అదొక్కటే. పిల్లల పేర్లు బడి నుంచే పంపిస్తాం. హెడ్‌మాస్టరు లిస్టు ముందు పెట్టుకుని, "ఈ కొత్తపిల్ల సంగతేంది సార్? తెలుగు సారు హుషారని చెప్తున్నడు" అన్నాడు. "లెక్కల్లో సున్న సార్. ధ్యాస లేదు, పైగా మొండిది. పంపితే మనకే చెడ్డపేరు" అన్నాను. ఆయన పెన్ను తీసి ఆ పేరు మీద గీత గీశాడు.

తండ్రికి ఎవరో చెప్పినట్టున్నారు. సంత రోజున వచ్చాడు. పొద్దున్నుంచి నడిచాడు, అంగీ వెన్నంతా, చంకలంతా తడిసి ముద్దయింది. నా ముందు నిలబడి చెయ్యి బాగా పైకెత్తి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. నేనే చూపు తిప్పుకున్నాను.

"సారూ, మా పిల్ల ఆ పరీక్ష రాస్తదా?"

"చదువు మీద మనసు లేదయ్యా. రోజూ నిలబెట్టుడే అయితుంది."

ఆయన ముఖం చిన్నబోయింది. తల వంచుకుని, "ఇంటికాడ గట్ల ఉండది సారూ" అన్నాడు. "నేను చెప్త" అని వెళ్లిపోయాడు. కూతుర్ని పిలిచి వరండా చివర ఏదో చెప్పాడు. ఆ పిల్ల నేల చూస్తూ విన్నది. నాకు కొంచెం తృప్తిగా కూడా అనిపించింది. అనిపించిన మాట నిజం.

దరఖాస్తుల గడువు ముగిసిన మర్నాడు, అది గురువారం. నేను క్లాసుకు వెళ్లేసరికి ఆ పిల్ల అప్పటికే నిలబడి ఉంది. నేను ఇంకా ఏమీ అనలేదు. ఇంటిపని చూపించమన్నాను. తెచ్చి చూపించింది, మొత్తం చేసింది. తండ్రి మాట విన్నట్టుంది. "మంచిది, కూర్చో" అన్నాను. కూర్చోలేదు.

"కూర్చోమంటే వినపడతలేదా?"

"నిలబడతా సార్."

"ఎందుకే?"

"కూసుంటే కనపడది సార్. నిలబడితే కనపడ్తది."

నాకు ముందు అర్థం కాలేదు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి వెనక్కి నడిచాను. ఆ పిల్లని పక్కకు జరగమని, రేకు పెట్టెలకూ గోడకూ మధ్య ఆ జానెడు చోట్లో ఇరుక్కుని కూర్చున్నాను. పిల్లలు నవ్వారు. ఎదురుగా వరసగా తలలు. నూనె రాసిన జడలు, రిబ్బన్లు, మెడలు. నేను రాసిన లెక్క ఎక్కడా లేదు. ఆ తలలపైన మాత్రం బోర్డు పైసగం నల్లగా, శుభ్రంగా, ఒక్క గీత కూడా లేకుండా ఉంది. అక్కడ ఏం రాసినా ఈ చోటికి అక్షరం అక్షరం కనపడుతుంది.

నేను చూస్తుండగా నా పక్కన ఆ పిల్ల చెయ్యి మళ్లీ లేచింది. అప్పుడెప్పుడో చూపించినట్టే చూపుడువేలు పైకి చూపించింది. "ఆడ ఎందుకు రాయరు సార్?" అంది.

అంటే ఆ పలకలు పడెయ్యడాలు, జడలు లాగడాలు, ఇంటిపని ఎగ్గొట్టడాలు, అన్నీ నిలబడడం కోసం. నా చేత తిట్లు తిని, సిగ్గులేనిదని పేరు తెచ్చుకుని, ఆ నాలుగు నెలలూ లెక్కలు నేర్చుకుంది. నేను పరీక్ష పెట్టినప్పుడు మాత్రం అందరితో పాటు కూర్చోవాలి కదా. ప్రశ్నలు బోర్డు కిందసగంలో ఉంటాయి. అందుకని సున్నా. దేవుడా, ఆ సున్నాలన్నీ నా చేత్తో నేనే వేశాను, ఎర్ర ఇంకుతో, వాటి కింద గీత కూడా గీసి.

ఆ పిల్ల ఇంకా జవాబు కోసం చూస్తోంది. నిజం నోటిదాకా వచ్చింది. "చెయ్యి నొప్పి. పైకి లేవది" అన్నాను.

మధ్యాహ్నం హెడ్‌మాస్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆ పిల్ల పేరు చేర్చడానికి ఏదన్న దారుందా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను వింతగా చూశాడు. "నిన్నటిదాంక వద్దంటిరి గద సార్?" అన్నాడు. తర్వాత ఆలోచించి, "తప్పులు దిద్దుకోనీకి శనివారం దాంక టైమున్నది. కారణం రాసి లెటర్ ఇస్తే నేను భద్రాచలం పట్టుకపోయి అడుగుత. ఏమని రాయాలె?" అన్నాడు.

"బోర్డు కనపడక మార్కులు రాలేదు సార్."

"ఎందుకు కనపడలే? ఆఫీసుల గదే అడుగుతరు. కండ్లు మంచిగలేవా?"

చెప్పాలి. ఆ ఒక్క మాటే చెప్పాలి. నా చొక్కా చంకల్లో తడిసిపోయి, ఆ తడి మోచేతి దాకా జారుతోంది. పక్క బల్ల దగ్గరున్న గుమస్తా తల ఎత్తి చూశాడు. "కనుక్కొని చెప్త సార్" అని బయటికి వచ్చేశాను. శుక్రవారం ఆయన, "ఏమాయె సార్?" అని అడిగాడు. "రేపు" అన్నాను. శనివారం పీరియడు అయిపోగానే బండెక్కి భద్రాచలం పోయాను. చొక్కాలు విప్పి తొట్లో పడేశాను. మా ఆవిడ ఎప్పటిలాగే ఏదో అనబోయి నా ముఖం చూసి నిమ్మచెక్క అందుకుంది.

సోమవారం బడికి వచ్చేసరికి వరండాలో ఆ పిల్ల తండ్రి కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న సీసా. నన్ను చూసి లేచాడు.

"సారూ, మీకు చెయ్యి పైకి లేవట్లేదట గద. పిల్ల ఎవరితోనో కబురు చేసింది. ఇప్పనూనె తెచ్చిన. మా అమ్మ కాచింది."

నేను ఎవరి బిడ్డ పేరు కొట్టేయించానో ఆయన నా కోసం మళ్లీ అంత దూరం నడిచి వచ్చాడు. వద్దంటే వినలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టాడు. నూనె అరచేతిలో పోసుకుని, "చెయ్యి లేపుండ్రి సారూ, మెల్లగ" అన్నాడు.

లేపాను. పట్టీ ఆ రోజు పెట్టుకోలేదు. నీలి చొక్కా, తెల్లటి గీతలు, కొత్త తడి, ఇవన్నీ పిల్లలు అటూ ఇటూ తిరిగే వరండాలో బయటపడ్డాయి. ఆయన నా మణికట్టు ఒక చేత్తో పైకి పట్టుకుని, రెండో చేత్తో భుజం, చంక, ఆ తడి గుడ్డ మీదే అన్నీ కలిపి రుద్దాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఎక్కడా తుడుచుకోలేదు. "ఈడనా నొప్పి? ఈడనా?" అని అడుగుతూనే ఉన్నాడు. నొప్పి లేని చెయ్యి చాచుకుని నేను అన్నింటికీ తల ఊపాను.

ఆయన వెళ్లిపోయాక నూనె చొక్కాతోనే హెడ్‌మాస్టరు గదికి వెళ్లాను. గుమస్తా ఉండగానే చెప్పేశాను. చెమట సంగతి, క్యాంపు సంగతి, మొదటిరోజు నవ్వు సంగతి, పైసగం ఎందుకు వదిలేశానో అదీ. ఆయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"గింతదానికా సార్?" అన్నాడు.

తర్వాత ఫోను తీసి ఎవరెవరికో చేశాడు, బతిమాలాడు. అవతలి నుంచి అందరిదీ ఒకటే మాట, శనివారం సాయంత్రంతో మూసేశారు. గుమస్తా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం క్లాసులో బోర్డు పై అంచు నుంచి మొదలుపెట్టాను. తేదీ రాశాను, లెక్క రాశాను. వెనక ఎవరూ నవ్వలేదు. చెమట కారుతూనే ఉంది, అదెక్కడికి పోతుంది? తిరిగి చూస్తే ఆ పిల్ల మొదటిసారి దానంతట అదే కూర్చుని ఉంది. తలలపై నుంచి చూసుకుంటూ, నాలుక బయటపెట్టి రాసుకుంటోంది. నేను ఇంకా రాసేది పూర్తికాకముందే జవాబు చెప్పేసింది, సరైన జవాబు.

పరీక్షకు మా బడి నుంచి ఆరుగురు వెళ్లారు, ఇద్దరికి సీట్లు వచ్చాయి. ఆ ఇద్దరూ వెళ్లేదాకా కూడికలు ఈ పిల్లని అడిగి చేసినవాళ్లే. ఆ పిల్ల ఐదో తరగతి మా బడిలోనే చదువుతోంది, ఇప్పుడు మొదటి వరసలో. హెడ్‌మాస్టరుకు చెప్పాను, గుమస్తాకు చెప్పాను, మా ఆవిడకు చెప్పాను. ఆ పిల్లకూ వాళ్ల నాన్నకూ చెప్పలేదు. చెప్పాలనుకున్న ప్రతిసారీ ఆ సీసా గుర్తొస్తుంది.

నేను పైన రాసి చెయ్యి దించగానే ఆ పిల్ల ఇప్పటికీ అడుగుతుంది, "చెయ్యి నొప్పి తగ్గిందా సార్?" అని.

"తగ్గింది" అంటాను.